అగ్నిరక్షణకు చందా

మా గ్రామమున నిండ్లను నిప్పునుండి కాపాడుటకై యేర్పడిన చిన్న సంఘమునకు మేము మూడేండ్లుగా కార్యదర్శిగా నున్నాము. సాలుసరి చందా యెంత యుండవలెను, ఎవరెంత యీయవలెను అను సంగతి నిర్ణయించు భారము మాపై బడినప్పుడు ఇది మిక్కిలి తేలికపని యని తలచితిమి. ఇంటికింత యని వ్రాసి, దండోరా వేయించి, రసీదుపుస్తకము చంకబెట్టుకొని తిరిగిన చాలునుగదా యనుకొంటిమి. మేము బడిలో భాషలు చెప్పువారమే గాని లెక్కలు చెప్పువారము కాము; అందుచేత లెక్కలన్నియు సులభములని మాకు నమ్మకము. ఆ నమ్మకము వలన నొక యిల్లు కాలిపోయినది. ఆ సంగతి దాచక చెప్పవలెనని చాల దినములనుండి యనుకొనుచున్నాము.

మాది కృష్ణా డెల్టాలోని యొక మోస్తరు గ్రామము. కాలువగట్టున డాబాలు, మేడలు, నడుమ పెంకుటిండ్లు, ఊరికి తూర్పున తాటాకు పాకలు. సర్కారువారి ఫైరింజను పట్టణమున నున్నది. అది మాకడకు రావలెనన్న పదునెనిమిది కిలోమీటర్లు నడువవలెను. నడుమ నొక రైలుగేటు. సంఘము పుట్టకముందు ఒక వైశాఖమాసమున మధ్యాహ్నవేళ తూర్పువాడలో నొక పాక యంటుకొన్నది. పడమటిగాలి విసరుచుండెను. అరగంటలో పందొమ్మిది ఇండ్లు బూడిదయ్యెను. ఫైరింజను వచ్చునప్పటికి నిట్రాటలు మాత్రము నిలిచి పొగలు చిమ్ముచుండెను. వచ్చినవారు చెమటలు కారునట్లు పనిచేసిరి, వారిని నిందింపబనిలేదు. తాటాకు కప్పునకు నిప్పు తగిలిన పిమ్మట మనకుండు వ్యవధి కొద్ది నిమిషములే. పదునెనిమిది కిలోమీటర్ల దారి ఆ నిమిషములలో ఇమడదు.

ఇచ్చట చదువరులకు నొక చిత్రమైన సంగతి చెప్పవలెను. మన రాజ్యాంగమునకు 1992లో జరిగిన 74వ సవరణ, పురపాలక సంఘముల కప్పగింపదగిన పనుల పట్టికలో, అనగా పండ్రెండవ షెడ్యూలులో, అగ్నిమాపక సేవను ఏడవ యంశముగా చేర్చినది. దానితో కవలగా పుట్టిన 73వ సవరణ పంచాయతీల కొరకు ఇరువదితొమ్మిది విషయములను పేర్కొన్నది. అందు చిన్ననీటి పారుదల కలదు, సంతలు కలవు, గ్రంథాలయములు కలవు. నిప్పార్పు మాట లేదు. పట్టణములందే యిండ్లు కాలునని యెవరును తలచియుండరు. అయినను పూరికప్పు లెక్కువగా నున్నచోటనే ఆ మాట లేకపోవుట మాకు వింతగా తోచినది.

ఆ వైశాఖమాసపు ప్రమాదము తరువాత ఊరిలోని పడుచువాండ్రు కొందరు పూనుకొని, కాలువనుండి చేలకు నీరు తోడు ఆయిలింజను నొకదానిని పాతది కొని, ట్రాక్టరు ట్రక్కు మీద బిగించి, మూడువందల మీటర్ల గొట్టము చేర్చిరి. డెల్టాలో నీటికి కరవులేదు; ఏ వాడకైనను కాలువయో, చెరువో, పంటబోదెయో దాపుననే యుండును. విరాళములు ధారాళముగా వచ్చెను. కన్నీరు తడిగా నున్నప్పుడు విరాళము వసూలగుట కష్టము కాదు. చిక్కంతయు మరుసటియేడు. డీజిలు, గొట్టముల మరమ్మతు, ట్రాక్టరుగలాయనకు సాలుకింత, పదునైదు దినముల కొకసారి యింజను త్రిప్పి చూచుటకును పిలిచిన తక్షణమే పరుగెత్తుటకును ఇద్దరు మనుష్యులకు గౌరవవేతనము. ఇవి నిప్పు పుట్టినను పుట్టకున్నను తప్పని ఖర్చులు. ఏడాది పొడవునను ఏమియు జరుగకున్నచో సంఘము తన పని చక్కగా చేసినట్లు లెక్క. కాని యేమియు జరుగని దానికి డబ్బిచ్చుట మన జనులకు మహా కష్టము.

బడి వసారాలో సభ కూడినది. మేడగల యొక పెద్దమనిషి లేచి, "మాది సిమెంటు కప్పండీ, కాలదు. కాలని ఇంటికి చందా ఏమిటి?" అనెను. భీమా సంస్థలో పనిచేసి విరమించిన మరియొకాయన ఆ మాటనే శాస్త్రీయముగా చెప్పెను: ప్రమాద మెచ్చట హెచ్చో అచ్చట రుసుము హెచ్చుగా నుండవలెను, కావున పాకలవారు ఎక్కువ, మేడలవారు తక్కువ యీయవలెను. వర్తకధర్మమును బట్టి యిందులో తప్పు లేదు. తప్పు లేకపోవుటయే మాకు భయము గొలిపినది. పాకలవా డెక్కువ యిచ్చుకొనగలిగినచో పాకలో నుండునా?

మేమును లేచి కొంత పాండిత్యము వెలార్చితిమి. రోమునగరమున అగస్టసు చక్రవర్తి క్రీస్తుశకము 6వ సంవత్సరమున నిప్పు కావలి దళములను స్థాపించి, వాని ఖర్చునకు బానిసల విక్రయముపై పన్ను విధించెననియు, అంతకు పూర్వము క్రాససు అను ధనికుడు కాలుచున్న యిండ్లను, వాని ప్రక్కయిండ్లను కారుచౌకగా కొనుచుండెడివాడని ప్లూటార్కు వ్రాసెననియు చెప్పితిమి. లండనులో 1666 నాటి మహాగ్నిప్రమాదము తరువాత భీమా సంస్థలు తమతమ దళములను పెట్టుకొనుట, అవి 1833లో నొకటిగా కలియుట, 1861లో టూలీవీధి గిడ్డంగులు కాలి వారి నాయకుడు బ్రెయిడ్‌వుడ్డు గోడక్రింద పడి మరణించుట, ఈ భారము మావలన కాదని భీమా సంస్థలు చేతులెత్తుట, అంతట 1865లో పార్లమెంటు చట్టము చేయుట వర్ణించితిమి. ఆ చట్టము ప్రకారము భీమా చేసిన ప్రతి పదిలక్షల పౌనులకు 35 పౌనుల చొప్పున సంస్థలు, ఇంటి విలువలో పౌనుకు అరపెన్నీకి మించకుండ పురజనులు, సాలుకు పదివేల పౌనులు సర్కారు ఇయ్యవలెను. ఇట్లు మూడు చేతులు కలసినగాని ఒక నగరము తన యిండ్లను కాపాడుకొనజాలకపోయెనని మేము గంభీరముగా ముగించునప్పటికి వెనుకవరుసలో నొకడు పెద్దగా ఆవులించెను. సభ నవ్వినది. మేమును నవ్వితిమి.

తుదకు మెలికలేని దారి యని, ఎల్లవారికిని సమానముగా ఇంటికి మూడువందల రూపాయలు నిర్ణయమయ్యెను. మేమే ప్రతిపాదించితిమి. సమానమను మాట చెవికెంత ఇంపు! మూడువందలనగా మేడవానికి నొక ఆదివారపు కూరఖర్చు, పాకలోని దానికి రెండుదినముల రెక్కలకష్టము అని ఆనాడు మాకు తట్టలేదు. తట్టినను పైకి చెప్పలేదేమో.

నియమావళి వ్రాయుట మా వంతు. చందా యీయకున్నను ఇంజను వచ్చునని తెలిసిన పిమ్మట చందా యెవడిచ్చునని పలువురు సందేహించిరి. సందేహము న్యాయమైనదే. మేము నాల్గవ నియమముగా, "చందా బాకీయున్నవారికి సంఘసేవ లభింపదు" అని వ్రాసితిమి. వాక్యము పొందికగా వచ్చినదని రెండుసార్లు చదివి చూచుకొంటిమి కూడ. ఆ యేడే తొమ్మిదవ తరగతి పిల్లలకు అమెరికాలో 2010 సెప్టెంబరులో జరిగిన యొక సంగతి చెప్పియుంటిమి. టెనెసీ రాష్ట్రమున సౌత్ ఫుల్టన్ అను పట్టణము, పొలిమేర వెలుపలనున్న పల్లెయిండ్లకు సాలుకు 75 డాలర్లు తీసికొని అగ్నిరక్షణ నిచ్చుచుండెను. ఒక గృహస్థు ఆ యేడు చెల్లింపలేదు. ఇల్లంటుకొన్నది. ఎంతయైన నిచ్చెద రండని బ్రతిమాలినను రాలేదు. నిప్పు ప్రక్కవాని పొలమునకు ప్రాకినప్పుడు ఇంజను వచ్చెను. ఆ ప్రక్కవాడు చెల్లించినవాడు. అతని హద్దు కాచి, ఈతని యిల్లు కాలుచుండగా చూచుచు నిలిచిరి. ఇంటితోపాటు పెంపుడు కుక్కలును పిల్లియు చచ్చెను. ఇది నాగరికతయా యని మేము బల్ల గ్రుద్ది యడిగితిమి. పిల్లలు కాదని యేకకంఠముగా చెప్పిరి. ఆ సాయంకాలమే యింటికి వచ్చి నాల్గవ నియమము వ్రాసితిమి. రెండింటికిని సంబంధ మున్నట్లు మాకు తోచలేదు.

రెండవయేడు చైత్రమాసము. భోజనమునకు కూర్చుండబోవుచుంటిమి. ఇంజను నడుపు కుఱ్ఱవాడు ఫోను చేసెను. తూర్పువాడలో ఇడ్లీలు వేసి యమ్ముకొను నొక యిల్లాలి పాక అంటుకొన్నదట. ఆమె భర్త పోయి చాల కాలమైనది. "మాస్టారూ, ఆవిడ పేరు పుస్తకంలో ఉందా? ప్రెసిడెంటుగారు మిమ్మల్ని అడగమన్నారు" అనెను. మేము చేయవలసినదేమో చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. మేము చేసినది వేరు. చూచి చెప్పెదనంటిమి. పుస్తకము ట్రంకుపెట్టెలో నుండెను. తాళము కనబడలేదు. మా గృహిణి వంటింటినుండి వచ్చి, "ఇల్లు కాలిపోతుంటే పుస్తకం వెతుకుతారేమిటండీ?" అనెను. అప్పుడైనను మానక తాళము వెదకి, పెట్టె తీసి, పుట త్రిప్పి చూచితిమి. ఆమె పేరున్నది, ఎదుట రసీదు సంఖ్య లేదు. ఆ ఖాళీగడి చూచిన తరువాత మాకు ప్రాణము చచ్చినట్లయ్యెను. వెంటనే వెళ్లుమని ఫోను చేసితిమి. రెండు పిలుపుల వేళలును మా ఫోనులో నేటికిని నున్నవి: పండ్రెండు గంటల 41 నిమిషములకు మొదటిది, 47 నిమిషములకు రెండవది.

ఆమె పాక పూర్తిగా పోయినది. మేకపిల్ల యొకటి కట్టుకొయ్యకే యుండిపోయినది. మనుష్యులకు హాని లేదు. ఆమె కొడుకు అంతకుముందటి యేడు పదవ తరగతిలో మాకడనే చదివి పాలిటెక్నిక్కులో చేరినవాడు. వాని మార్కుల పట్టిక, కులధ్రువపత్రము, తండ్రి ఛాయాపటము ఒక రేకుపెట్టెలో నుండి కమలిపోయెను. మార్కుల పట్టికకు నకలు తెప్పించుట ఎంత పనియో మాకు తెలియును. తరువాత ఏడునెలలు ఆ పనిమీద మేమే తిరిగితిమి. ఛాయాపటమునకు నకలు లేదు.

మరునాటి ఉదయమున మే మచ్చటికి పోతిమి. ఏమి చెప్పవలెనో తెలియకుండెను. ఆమె వేపచెట్టుక్రింద కూర్చుండి బొగ్గైన యిడ్లీపాత్రను ఇసుకతో తోముచుండెను. మమ్ము చూచి లేచి నిలుచుండి, "రసీదు పుస్తకం తెచ్చారా మాస్టారూ? ఇవాళ లేవండి. సంత నాటికి సర్దుతాను" అనెను. మేము చందా కొరకే వచ్చితిమని యామె యనుకొన్నది. అందులో వెటకారము లేదు. ఉన్నచో మాకు తేలికగా నుండెడిది.

ప్రక్కపాకవాడు వేరు. అతని పూరికప్పు సగము కాలినది. అతడు చందా కట్టినవాడు. రసీదు భద్రముగా దాచినవాడు. దానిని మా కన్నులయెదుట పట్టి, "నేను కట్టాను గదండీ. ఆవిడ కట్టలేదని నా ఇల్లెందుకు కాలాలి?" అని యడిగెను. రోమునుండి లండనువరకు మేము చదివినదానిలో ఇంత సూటియైన మాట లేదు. అతడిచ్చిన మూడువందలు అతని యింటిని కాపాడుటకు చాలవు. అతని ప్రక్కయింటిని గూడ కాపాడవలెను. నిప్పు విషయమున నావంతు, నీవంతు అని చీల్చి అమ్ముటకు వీలులేదు. దీపముబుడ్డి కొనినట్లు ఎవరి రక్షణ వారు కొనుక్కొందమని మేము చేసిన యేర్పాటు మొదటినుండియు పొరపాటు.

వారము తిరుగకముందే సభ పిలిచి, నాల్గవ నియమము మేము వ్రాసినదే గనుక మేమే కొట్టివేయవలెనని కోరితిమి. కార్యదర్శి పదవికిని రాజీనామా యిచ్చితిమి; వేరొకడు దొరకలేదని దానిని త్రోసివేసిరి. అది మా మీది గౌరవమో, ఆ పుస్తకము మోయుటకు వారి భయమో చెప్పలేము.

చందా తిరిగి నిర్ణయించుటకు రెండునెలలు పట్టినది. మా పూర్వశిష్యుడొకడు కాలిఫోర్నియాలో కాపురమున్నాడు. అడవులు దాపున నుండుటచే అచ్చట నేటేట మంటలే. అతడు వ్రాసి పంపిన సంగతులు మాకు మిక్కిలి యుపకరించినవి. ఆ రాష్ట్రమువారు 2011లో చట్టము చేసి, రాష్ట్రము బాధ్యత వహించు అటవీప్రాంతములలో ప్రతి నివాసగృహముపైన 150 డాలర్లు అగ్నినివారణ రుసుము విధించిరి. స్థానిక అగ్నిమాపక సంస్థ పరిధిలో నున్నవారికి 35 డాలర్లు తగ్గించిరి. గుడిసెకును మహలుకును నొకటే రేటు. జనులు మొఱపెట్టిరి, వ్యాజ్యెమాడిరి. 2017లో దానిని నిలిపివేసిరి. అంతకుముందే 1996లో ఆ రాష్ట్ర ప్రజలు తమ రాజ్యాంగమును సవరించుకొని, ఆస్తికి సంబంధించిన యే రుసుమైనను సేవకగు ఖర్చును మించరాదనియు, ఊరందరికిని సమానముగా లభించు నిప్పార్పు వంటి సేవను అట్టి రుసుము పేరిట అమ్మరాదనియు నిబంధన పెట్టుకొనిరట. కావలసినచో పన్నుగానే వేసి, ఓటర్ల సమ్మతి పొందవలెను. సౌత్ ఫుల్టనులో విడివిడిగా అమ్మిరి, ఇచ్చట అమ్మరాదనిరి. ఒకే దేశమున రెండు మాటలు! ఏది మంచిదో వేపచెట్టుక్రింద మాకు తెలిసినది గనుక వాదము పెంచము.

అప్పుడే కౌటిల్యుని అర్థశాస్త్రము తీసితిమి. 1909లో మైసూరున అచ్చయినది మొదలు పండితులు రాజనీతి కొరకు చదువుదురు గాని, రెండవ యధికరణమున నగరపాలన ప్రకరణము చూచువారు తక్కువ. వేసవిలో పట్టపగటి నడిభాగమున నిప్పు రాజేయరాదు. ప్రతి గృహస్థుడును నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, అంకుశము, కప్పు లాగు కొక్కెము, తోలుతిత్తి యుంచుకొనవలెను. లేనిచో పాతిక పణము జరిమానా. ఇల్లు కాలుచుండగా పరుగెత్తిరాని యింటియజమానికి పండ్రెండు పణములు, అద్దెకున్నవానికి ఆరు. చందా యీయనివానికి కాదు, సాయపడనివానికి జరిమానా! యజమానికి రెట్టింపు, అద్దెవానికి సగము అను వివేకమును గమనింపుడు.

ఈ యూహతో మేము క్రొత్త పద్ధతి యొకటి కల్పించితిమి: మేడలవారు డబ్బీయవలెను, పాకలవారు డబ్బునకు బదులు కుండలు నింపి యుంచి, కొక్కెపుగడలు పట్టి, వేసవిలో వంతులవారీగా కావలి కాయవలెను. పేదలకు ఖర్చులేని మార్గము కనిపెట్టితిమని సంతోషించితిమి. సభలో తూర్పువాడ కుఱ్ఱవాడొకడు లేచెను. అతడును మా శిష్యుడే. "మాస్టారూ, డబ్బు వాళ్లది, కాయకష్టం మాదీ అంటే ఇది పాత వెట్టేగదండీ. మా తాతలు చేసిందదే" అనెను. సభ నిశ్శబ్దమయ్యెను. సంస్కృతము చదివినవారికి ఇట్టి గ్రుడ్డితనము కొంత సహజమేమో. కౌటిల్యుడు కుండలు ప్రతియింటనుండవలెనన్నాడు గాని పేదయింట మాత్రమే యుండవలెననలేదు. పుస్తకము చేతనుండియు మేము దానిని వంకరగా చదివితిమి.

కావున ఇప్పటి యేర్పాటిది. ముందు సాలుఖర్చు లెక్కవేసి, దానిని మించకుండ పంచితిమి. పంచాయతీ యింటిపన్ను పట్టికను ఆధారముగా గొని, పాకకు ఇరువది రూపాయలు, పెంకుటింటికి నూటయేబది, డాబాకు నాలుగువందలు, పైన ప్రతి అంతస్తునకు మూడువందలు. బియ్యపుమిల్లునకును అంగళ్లకును వేరు. నీటితొట్టియు కొక్కెపుగడయు ప్రతియింటను; మా యింటి ముంగిటను రెండు నీలపు డ్రమ్ములున్నవి, దోమలు రాకుండ మూత వేసియున్నాము. కావలి వంతు మాకును కలదు. ఇంజను పిలుపు రాగానే బయలుదేరవలెను, పేరడుగరాదు. పుస్తకమును మా పెట్టెలోనుండి తీసి పంచాయతీ కచ్చేరిలో పెట్టితిమి.

కాలని యింటికి చందా ఏమిటన్న పెద్దమనిషి ఇంకను గొణుగుచునే యున్నాడు గాని, పోయిన కార్తికమున వారి వంటింటిలో గ్యాసు గొట్టము అంటుకొని, మన యింజనే పోయిన పిమ్మట పూర్తిగా చెల్లించెను. బాకీలు లేవని చెప్పము. ఈయేడు వెనుకటికంటె కొంచెము హెచ్చుగనే యున్నవి. నాల్గవ నియమము లేకున్న వసూలు తగ్గునన్నవారి మాట ఆమేరకు నిజమైనది. ఆ లోటును మిల్లువారి విరాళముతో పూడ్చుచున్నాము. ఎన్నాళ్లు పూడ్తుమో తెలియదు. ఇడ్లీల యిల్లాలు ఇరువది రూపాయలును మొదటిదినముననే చెల్లించి రసీదు తీసికొన్నది. మేము వలదనలేదు.

తేలని చిక్కొకటి యున్నది: గడ్డివాములు. ఊరి నడుమ ఇండ్లను ఆనుకొని వాములు వేయుట మాకు పూర్వాచారము. ఒక్క వాము అంటుకొన్నచో రెండు దినములు లోలోపల రగులుచుండును. మా డీజిలు ఖర్చులో హెచ్చుభాగము వానిదే. ఊరి వెలుపల వేసినవానికి ఏమియు లేకుండ, లోపల వేసినవానికి వామునకు ఐదువందలు పెట్టవలెనని వచ్చు సభలో ప్రతిపాదింపదలచియున్నాము. మా బావమరిదికి ఊరి నడుమ నాలుగు వాములున్నవి. ఈ సంగతి తెలిసి ఆయన మాతో మాటలాడుట మాని పదునైదు దినములైనది. మా గృహిణి ఏ పక్షమో ఇంకను చెప్పలేదు.